పింఛనుకు పన్నెంత? నోటీసు వస్తే ఏం చేయాలి?

ఏడాదికి రూ.12,75,000. 2025-26 ఆర్థిక సంవత్సరంలో పింఛను తప్ప మరో రాబడి లేని విశ్రాంత ఉద్యోగి ఇంత మొత్తం వరకు ఒక్క రూపాయి ఆదాయపన్ను కట్టనక్కర్లేదు. నెలకు లెక్కేస్తే రూ.1,06,250. గుడివాడలో టీచరుగానో, విజయవాడలో రైల్వే గార్డుగానో, మచిలీపట్నంలో బ్యాంకు ఉద్యోగిగానో రిటైరైన సగటు మనిషి పింఛను ఈ గీతకు బాగా కిందే ఉంటుంది. అయినా అలాంటి ఇళ్లకే బెంగళూరులోని ఆదాయపన్ను ప్రాసెసింగ్ కేంద్రం నుంచి ఇరవై వేలు కట్టండి, యాభై వేలు కట్టండి అంటూ మెయిల్ వస్తుంది. పన్ను పరిమితి పెరిగిందని పత్రికల్లో చదివిన పెద్దవాళ్లకు ఈ బాకీ ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాదు.

కారణం ఒక్కటే. డబ్బు ఇచ్చే ప్రతి ఆఫీసూ తాను ఇచ్చిన దానికే లెక్క చూస్తుంది. ట్రెజరీకి మీ వడ్డీ సంగతి తెలియదు. బ్యాంకుకు మీ పింఛను ఎంతో పట్టదు. పోస్టాఫీసుకు ఈ రెండూ అక్కర్లేదు. అన్నిటినీ ఒకచోట చేర్చి కూడేది ఆదాయపన్ను శాఖ కంప్యూటరే, అదీ ఏడాది గడిచిపోయాక. ఆ కూడికేదో ముందే మనం ఇంట్లో వేసుకుంటే నోటీసు వచ్చే అవసరమే ఉండదు. అదెలాగో అంకెలతో చూద్దాం.

ఒక్క మాట ముందుగా. 1961 నాటి ఆదాయపన్ను చట్టం స్థానంలో కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు, ఫారాల నంబర్లు మారాయి. 2025-26లో వచ్చిన ఆదాయానికి మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పే నంబర్లన్నీ పాత చట్టానివే.

పింఛను జీతంతో సమానం

పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తేల్చి చెప్పింది. ఏటా ఆ రోజున పింఛనుదారుల దినోత్సవం జరుపుకొనేది అందుకే. పన్ను చట్టం కూడా పింఛనును జీతం పద్దులోనే వేస్తుంది. దీనివల్ల లాభమూ ఉంది, భారమూ ఉంది. భారం ఏమిటంటే జీతంలాగే పింఛను మీదా పన్ను పడుతుంది. లాభం ఏమిటంటే జీతగాళ్లకు ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ పింఛనుదారుకూ దక్కుతుంది. 2018-19లో రూ.40,000తో తిరిగి మొదలైన ఈ తగ్గింపు మరుసటి ఏడాది రూ.50,000 అయింది. 2024-25 నుంచి కొత్త పన్ను విధానంలో రూ.75,000 ఇస్తున్నారు. మొదట చెప్పిన రూ.12,75,000లో చివరి డెబ్బై ఐదు వేలూ ఇవే.

కుటుంబ పింఛను సంగతి వేరు. భర్తో భార్యో పోయాక రెండోవారికి వచ్చే ఈ పింఛను జీతం కాదు, ‘ఇతర ఆదాయం’. దీనికి రూ.75,000 తగ్గింపు రాదు. వచ్చిన దానిలో మూడో వంతు లేదా రూ.25,000, ఏది తక్కువైతే అది తీసేస్తారు. పాత విధానం ఎంచుకుంటే ఈ గరిష్ఠం రూ.15,000 మాత్రమే. కుటుంబ పింఛను జీతం కాదు కాబట్టి దాని మీద జీతానికి పట్టినట్టు నెలనెలా టీడీఎస్ (ఇచ్చేటప్పుడే కోసే పన్ను) పట్టరు. చేతికి పూర్తిగా వస్తుంది కాబట్టి పన్ను లేదనుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

రిటైరైన రోజు అందే పెద్ద మొత్తాల గురించి మాత్రం ప్రభుత్వ ఉద్యోగులకు బెంగ అక్కర్లేదు. కమ్యుటేషన్ సొమ్ము (పింఛనులో కొంత భాగానికి బదులు ఒకేసారి తీసుకునే మొత్తం), గ్రాట్యుటీ, సంపాదిత సెలవుల నగదు మూడింటికీ పూర్తి మినహాయింపు ఉంది. ప్రైవేటు ఉద్యోగులకు గ్రాట్యుటీలో రూ.20 లక్షలు, సెలవుల నగదులో రూ.25 లక్షలు గరిష్ఠ పరిమితి. కమ్యుటేషన్‌లో గ్రాట్యుటీ తీసుకున్నవారికి మూడో వంతు, తీసుకోనివారికి సగం మినహాయిస్తారు.

ఆర్టీసీ వాళ్ల లెక్క ఇంకో రకం. 2020 జనవరి 1న సంస్థ ఉద్యోగులు ప్రభుత్వంలో విలీనమయ్యారు. అంతకుముందే రిటైరైనవారికి వచ్చేది భవిష్య నిధి సంస్థ ఇచ్చే ఈపీఎస్-95 పింఛను. దాని సూత్రం ప్రకారం రూ.15,000 వేతన పరిమితి మీద 35 ఏళ్ల సర్వీసుకు వచ్చేది నెలకు రూ.7,500. కనీస పింఛను 2014 సెప్టెంబరు నుంచి వెయ్యి రూపాయలే. దీని మీద పన్ను పడే ప్రశ్నే లేదు. 2022 నవంబరు 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అధిక పింఛను ఎంచుకుని, ఏళ్ల తరబడి బకాయిలు ఒకేసారి అందుకున్నవారు మాత్రం కింద బకాయిల గురించి చెప్పే లెక్కను శ్రద్ధగా చూడాలి.

ప్రతి నెలా ఒకటో తేదీన ఇంటి దగ్గర ఇచ్చే ఎన్టీఆర్ భరోసా సామాజిక పింఛనుకూ ఈ కథనానికీ సంబంధం లేదు. నెలకు నాలుగు వేలు అందుకునే వృద్ధులు పన్ను గురించి ఆలోచించాల్సిన పని లేదు.

శ్లాబులు, రాయితీ

ఇప్పుడు ఏమీ చెప్పకపోతే అందరికీ కొత్త విధానమే వర్తిస్తుంది. 2025-26కు దాని శ్లాబులు ఇవి:

రూ.4 లక్షల వరకు పన్ను లేదు.
4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం.
8 నుంచి 12 లక్షల వరకు 10 శాతం.
12 నుంచి 16 లక్షల వరకు 15 శాతం.
16 నుంచి 20 లక్షల వరకు 20 శాతం.
20 నుంచి 24 లక్షల వరకు 25 శాతం.
ఆపైన 30 శాతం.

ఈ లెక్కన రూ.12 లక్షల మీద పన్ను రూ.60,000. పన్ను విధించదగిన ఆదాయం 12 లక్షలు దాటనివారికి సెక్షన్ 87ఏ కింద అంత మొత్తమూ రాయితీగా తీసేస్తారు. అందుకే సున్నా. దాటితే రాయితీ పూర్తిగా పోతుంది. అయితే గీత దాటిన మొదటి మెట్టులోనే అరవై వేలు మీద పడకుండా చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. ఆదాయం రూ.12,10,000 అయితే శ్లాబు ప్రకారం పన్ను రూ.61,500 రావాలి. కానీ గీత దాటింది పది వేలే కాబట్టి పన్ను కూడా పది వేలకే ఆపుతారు. 4 శాతం సెస్సుతో రూ.10,400. సుమారు రూ.12,70,000 దాకా ఈ వెసులుబాటు పనిచేస్తుంది. ఆ తర్వాత మామూలు శ్లాబే.

పాత విధానంలో అరవై దాటినవారికి 3 లక్షలు, ఎనభై దాటినవారికి 5 లక్షల వరకు పన్ను లేదు. డిపాజిట్ వడ్డీపై రూ.50,000, ఆరోగ్య బీమాపై రూ.50,000 వరకు తగ్గింపులున్నాయి. కానీ 5 లక్షలు దాటిన వెంటనే 20 శాతం, 10 లక్షలు దాటితే 30 శాతం. కొత్త విధానంలో 12 లక్షల వరకు సున్నా ఉండగా మధ్యతరగతి పింఛనుదారుకు పాత దారి లాభించడం అరుదు. రెండూ వేసి చూసుకున్నాకే నిర్ణయించుకోండి.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. పన్ను లేకపోవడం వేరు, రిటర్ను వేయనక్కర్లేకపోవడం వేరు. రాయితీ వల్ల పన్ను సున్నా అయినా ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాల్సిందే. స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే ఏడాదికి రూ.4,75,000, అంటే నెలకు రూ.39,583 పింఛను దాటినవారందరూ ఈ లెక్కలోకి వస్తారు.

బాకీ పుట్టే చోట్లు

*రెండు పింఛన్లు*

భార్యాభర్తలిద్దరూ టీచర్లు కావడం మన దగ్గర కొత్త కాదు. ఒకరు పోతే రెండోవారికి సొంత పింఛనుతో పాటు కుటుంబ పింఛనూ వస్తుంది. సొంత పింఛను నెలకు రూ.60,000, కుటుంబ పింఛను రూ.30,000, బ్యాంకుల్లో వడ్డీ ఏడాదికి రూ.4,00,000 అనుకుందాం.

సొంత పింఛను 7,20,000. అందులో 75,000 తీస్తే 6,45,000.
కుటుంబ పింఛను 3,60,000. అందులో 25,000 తీస్తే 3,35,000.
వడ్డీ 4,00,000.
మొత్తం రూ.13,80,000.

పన్ను రూ.87,000, సెస్సుతో రూ.90,480. ట్రెజరీ సొంత పింఛను చూసి పన్ను లేదంది. కుటుంబ పింఛను మీద ఎవరూ పట్టలేదు. ఇక వడ్డీ. 2025 ఏప్రిల్ నుంచి అరవై దాటినవారికి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష దాటితేనే టీడీఎస్. డిపాజిట్లన్నీ ఒకే బ్యాంకులో ఉంటే 10 శాతం చొప్పున రూ.40,000 పడి ఉంటుంది, మిగతా బాకీ రూ.50,480. నాలుగు బ్యాంకుల్లో లక్ష చొప్పున వడ్డీ వచ్చేలా పంచి పెట్టి ఉంటే ఎక్కడా ఏమీ పడదు. మొత్తం రూ.90,480 ఒకేసారి కట్టాలి. టీడీఎస్ తప్పినంత మాత్రాన పన్ను తప్పదు.

*బకాయిలు*

పీఆర్సీ (వేతన సవరణ), కరువు భృతి బకాయిల కోసం ఉద్యోగులూ పింఛనుదారులూ ఎంత ఎదురుచూస్తారో 2022 ఫిబ్రవరి 3న విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు వాళ్ల నిరసనతో నిండిపోయినప్పుడు రాష్ట్రమంతా చూసింది. ఎదురుచూసిన డబ్బు వచ్చిన ఏడాది పన్ను కూడా వెంట వస్తుంది. బకాయి ఏ ఏడాదిదైనా పన్ను వేసేది సాధారణంగా చేతికి అందిన ఏడాదిలోనే.

పింఛను ఏడాదికి రూ.7,44,000, పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో పెట్టిన 30 లక్షల మీద 8.2 శాతం వడ్డీ రూ.2,46,000, బ్యాంకు వడ్డీ రూ.1,50,000 వస్తున్న ఒక విశ్రాంత హెడ్మాస్టరును తీసుకుందాం. మొత్తం రూ.11,40,000. డెబ్బై ఐదు వేలు తీస్తే రూ.10,65,000. పన్ను సున్నా. అదే ఏడాది గత మూడేళ్లకు చెందిన బకాయి రూ.3,00,000 జమైందనుకోండి. ఆదాయం రూ.13,65,000 అవుతుంది. పన్ను రూ.84,750, సెస్సుతో రూ.88,140. మూడు లక్షల బకాయిలో దాదాపు మూడో వంతు పోయినట్టే.

దీనికి చట్టంలోనే మందు ఉంది. సెక్షన్ 89 ప్రకారం ఆ బకాయిని ఏ ఏడాదికి చెందినది ఆ ఏడాదిలోనే వచ్చినట్టు లెక్కేసి, ఎక్కువైన పన్నును తగ్గించుకోవచ్చు. మన హెడ్మాస్టరు ఆ మూడేళ్లలోనూ పాత విధానంలో 20 శాతం శ్లాబులో ఉన్నారనుకుంటే, ఏడాదికి లక్ష చొప్పున పెరిగే పన్ను సెస్సుతో రూ.20,800. మూడేళ్లకు రూ.62,400. ఇప్పుడు పడుతున్నది రూ.88,140. తేడా రూ.25,740 ఆయనకు దక్కాల్సిన ఉపశమనం. కొత్త విధానంలో ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. కుటుంబ పింఛను బకాయిలకూ వర్తిస్తుంది.

షరతు ఒక్కటే. రిటర్ను వేయకముందే ఆన్‌లైన్‌లో ఫారం 10ఈ నింపాలి. అది లేకుండా రిటర్నులో ఉపశమనం రాసుకుంటే కంప్యూటర్ ఆ గడిని కొట్టేస్తుంది. రూ.25,740 కట్టండని నోటీసు పంపుతుంది. ఏ నెలకు ఎంత రావాలి, ఎంత ఇచ్చారు అని చూపే డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంటును ముందుగా సబ్ ట్రెజరీ నుంచి తీసుకుంటే ఫారం నింపడం తేలిక.

*కమ్యుటేషన్ తిరిగి కలిసినప్పుడు*

రిటైరైనప్పుడు కమ్యూట్ చేసిన భాగం నిబంధన ప్రకారం పదిహేనేళ్లకు పింఛనులో తిరిగి కలుస్తుంది. 2010-11లో కమ్యూట్ చేసినవారికి అది 2025-26లో వచ్చింది. నెలకు రూ.6,000 కలిసిందంటే ఏడాదికి రూ.72,000. అప్పటిదాకా పన్ను విధించదగిన ఆదాయం రూ.11,80,000 ఉన్న మనిషికి సున్నా పన్ను. ఇప్పుడు రూ.12,52,000. శ్లాబు ప్రకారం రూ.67,800 పడాలి. వెసులుబాటు వల్ల అది రూ.52,000కు తగ్గి, సెస్సుతో రూ.54,080 అవుతుంది. పెరిగిన డెబ్బై రెండు వేలలో చేతిలో మిగిలేది రూ.17,920.

వయసుతో పెరిగే పింఛనుదీ ఇదే తీరు. 2022 పీఆర్సీ ఒప్పందం తర్వాత రాష్ట్ర పింఛనుదారులకు డెబ్బై ఏళ్లకు 7 శాతం, డెబ్బై ఐదుకు 12 శాతం, ఎనభైకి 20 శాతం అదనపు పింఛను ఉంది. ఆ పుట్టినరోజు వచ్చే ఏడాది లెక్కను ఒకసారి కొత్తగా వేసుకోవాలి.

*వడ్డీ*

వడ్డీలో మూడు విషయాలు తరచుగా మరుగునపడతాయి. మొదటిది, ఐదేళ్లకు ఒకేసారి చేతికొచ్చే డిపాజిట్. వడ్డీ మన చేతికి రాకపోయినా బ్యాంకు ఏటా లెక్కగట్టి శాఖకు తెలియజేస్తుంది. మనం ఐదో ఏట ఒకేసారి చూపితే లెక్క కుదరదు. రెండోది, ఉమ్మడి ఖాతా. వడ్డీ మొదటి పేరున్నవారి పాన్ మీదే నమోదవుతుంది. మూడోది, అమెరికాలో ఉన్న కొడుకో కూతురో పంపిన డబ్బు. పిల్లలు తల్లిదండ్రులకిచ్చే సొమ్ముపై పన్ను లేదు. దాన్ని తండ్రి తన పేరున డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం తండ్రి ఆదాయమే. ఉయ్యూరు, గన్నవరం వైపు ఊళ్లలో చాలా ఇళ్లకు తగిలే మాట ఇది.

*పొలం కౌలు, చెరువు లీజు*

డెల్టాలో రిటైరైన ఉద్యోగికి నాలుగెకరాల మాగాణి ఉండటం మామూలే. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదన్నది అందరికీ తెలిసిన మాట. తెలియని మాట ఇంకోటి ఉంది. ఏడాదికి రూ.5,000 దాటిన వ్యవసాయ ఆదాయాన్ని మిగతా ఆదాయం ఏ శ్లాబులో పడుతుందో తేల్చడానికి లెక్కలోకి తీసుకుంటారు.

పామర్రు దగ్గర నాలుగున్నర ఎకరాలు, ఎకరాకు 25 బస్తాల కౌలు అనుకుందాం. 2025-26లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. అంటే 75 కిలోల బస్తాకు సుమారు రూ.1,777. మొత్తం కౌలు దాదాపు రూ.2,00,000. పింఛను, వడ్డీ కలిపి ఈయన పన్ను విధించదగిన ఆదాయం సరిగ్గా రూ.12,00,000 అయితే పన్ను సున్నా అని ధీమాగా ఉంటారు. చట్టం లెక్క ఇలా సాగుతుంది.

రెండూ కలిపి 14,00,000 మీద పన్ను రూ.90,000.
కౌలు రెండు లక్షలకు కనీస పరిమితి నాలుగు లక్షలు కలిపి 6,00,000 మీద పన్ను రూ.10,000.
తేడా రూ.80,000.
రాయితీ గరిష్ఠంగా రూ.60,000.
మిగిలింది రూ.20,000, సెస్సుతో రూ.20,800.

పైగా వ్యవసాయ ఆదాయం ఐదు వేలు దాటితే అందరూ వేసే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి.

ఇదే పొలం కైకలూరు వైపు చేపల చెరువుగానో, కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుగానో మారి ఉంటే కథ మొత్తం మారిపోతుంది. చేపల పెంపకాన్ని ఆదాయపన్ను చట్టం వ్యవసాయంగా లెక్కించదు. చెరువు లీజుగా వచ్చే రెండు లక్షలూ పూర్తిగా పన్ను పడే ఆదాయమే. అప్పుడు మొత్తం రూ.14,00,000, పన్ను సెస్సుతో రూ.93,600. ఒకే గట్టు మధ్య నేల, ఒకే రెండు లక్షలు. వరి వేస్తే రూ.20,800, చేప వేస్తే రూ.93,600. చెరువు లీజును వ్యవసాయ ఆదాయంగా చూపినవారికి ఈ తేడా ఎప్పుడో ఒకప్పుడు నోటీసు రూపంలో ఎదురుకావచ్చు.

ముందే చేయాల్సిన పనులు

జనవరిలో ఒకసారి ఇ-ఫైలింగ్ పోర్టల్‌లో ఏఐఎస్ అనే వార్షిక సమాచార పట్టిక తెరవండి. మీ పాన్ మీద ఎవరెవరు ఏ ఆదాయం నమోదు చేశారో అందులో ఉంటుంది. 2021 నవంబరు నుంచి ఈ పట్టిక అందుబాటులో ఉంది. పింఛను, కుటుంబ పింఛను, అన్ని బ్యాంకుల వడ్డీ, పోస్టాఫీసు, లీజు, కౌలు ఒక కాగితం మీద రాసి కూడండి.

మొత్తం మీద పన్ను సున్నా అయితే ఏప్రిల్ మొదట్లోనే ప్రతి బ్యాంకులో, పోస్టాఫీసులో టీడీఎస్ పట్టవద్దని కోరే ఫారం (పాత చట్టంలో 15హెచ్) ఇవ్వండి. రాయితీ తీసేశాక పన్ను సున్నా అయ్యేవారు కూడా ఇవ్వవచ్చు. ఇవ్వకపోతే పైన చెప్పిన హెడ్మాస్టరుకు బకాయి లేని ఏడాది కూడా పొదుపు పథకంలో రూ.24,600, బ్యాంకులో రూ.15,000 టీడీఎస్ పోతుంది. ఆ రూ.39,600 తిరిగి రావాలంటే రిటర్ను వేయాలి. పన్ను పడుతుందని తెలిసీ 15హెచ్ ఇవ్వకండి. అది తప్పుడు ప్రకటన కిందికి వస్తుంది.

పన్ను పడేలా ఉంటే ఇతర ఆదాయం వివరాలు ట్రెజరీకి రాసిస్తే, దాని మీద పన్నునూ పింఛనులోంచి పట్టమని కోరవచ్చు. అలా కాకపోయినా అరవై దాటి, వ్యాపార ఆదాయం లేనివారికి ముందస్తు పన్ను కట్టే బాధ్యత లేదు. రిటర్ను గడువు సాధారణంగా జులై 31. ఆలోగా కట్టేస్తే వడ్డీ పడదు. అరవై నిండని కుటుంబ పింఛనుదారులకు ఈ సౌకర్యం లేదు. పన్ను రూ.10,000 లేదా ఆపైన ఉంటే వాళ్లు జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 వాయిదాల్లో ముందుగానే కట్టాలి. చెరువు లీజుకివ్వకుండా స్వయంగా సాగు చేసేవారిది వ్యాపార ఆదాయం. ఎంత వయసువారైనా వాళ్లకీ ముందస్తు పన్ను తప్పదు.

డెబ్బై ఐదేళ్లు దాటి, పింఛనూ వడ్డీ రెండూ ఒకే బ్యాంకులో వచ్చేవారు ఆ బ్యాంకుకే డిక్లరేషన్ ఇస్తే పన్ను అదే పట్టి కడుతుంది, రిటర్ను వేయనక్కర్లేదు. వేరే బ్యాంకులో చిన్న డిపాజిట్ ఉన్నా ఈ వీలు పోతుంది.

నోటీసు వచ్చాక

మొదట అది నిజమైనదో కాదో చూడండి. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే ప్రతి ఉత్తర్వు మీదా డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. పోర్టల్‌లో ఆ సంఖ్య వేసి సరిచూసుకోవచ్చు. వాట్సాప్‌లో, ఎస్ఎంఎస్‌లో వచ్చిన లింకు నొక్కి డబ్బు కట్టకండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

నిజమైనదైతే దాన్ని సావకాశంగా చదవండి. సెక్షన్ 143(1) సమాచారంలో రెండు నిలువు వరసలుంటాయి. ఒకటి మీరు చూపింది, రెండోది శాఖ లెక్క. ఏ అడ్డు వరసలో అంకెలు తేడాగా ఉన్నాయో వెతకండి. బాకీ ఎందుకు వచ్చిందో అక్కడే తెలుస్తుంది.

టీడీఎస్ గడిలో తేడా ఉంటే ట్రెజరీయో బ్యాంకో మీ పాన్ తప్పుగా నమోదు చేసి ఉండవచ్చు. ఫారం-16 పట్టుకెళ్లి టీడీఎస్ స్టేట్‌మెంటు సరిచేయమని రాతపూర్వకంగా అడగండి. మీ పింఛనులోంచి పట్టేసిన పన్నును మళ్లీ మిమ్మల్ని కట్టమనకూడదని సెక్షన్ 205 చెబుతోంది. సెక్షన్ 89 గడిలో తేడా ఉంటే కారణం చాలావరకు ఫారం 10ఈ. ఆదాయం గడిలో తేడా ఉంటే మీరు మరచిన వడ్డీ కావచ్చు. లేదా ఒకే ఆదాయం రెండుసార్లు నమోదై ఉండవచ్చు. అలాంటప్పుడు ఏఐఎస్‌లోనే అభ్యంతరం నమోదు చేసే వీలుంది.

శాఖ లెక్కే సరైనదైతే 30 రోజుల్లో కట్టేయండి. ఆ గడువు దాటితే నెలకు 1 శాతం వడ్డీ. ఒకేసారి కట్టలేకపోతే గడువు ముగియకముందే వాయిదాలు కోరుతూ మీ ఆదాయపన్ను అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. శాఖ లెక్క తప్పైతే పోర్టల్‌లో డిమాండుతో అంగీకరించడం లేదని నమోదు చేసి, సెక్షన్ 154 కింద సవరణ కోరండి. ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకు ఈ అవకాశం ఉంటుంది. వివాదం పెద్దదైతే 30 రోజుల్లో అప్పీలు చేయాలి. ఏ జవాబూ ఇవ్వకుండా వదిలేస్తే తర్వాత రావాల్సిన రిఫండులోంచి ఆ బాకీ మినహాయించుకుంటారు.

ఎప్పుడో పదిహేనేళ్ల నాటి చిన్న బాకీ కనబడితే కంగారు పడకండి. 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించిన ప్రకారం 2009-10 వరకు రూ.25,000 లోపు, 2010-11 నుంచి 2014-15 వరకు రూ.10,000 లోపు పాత డిమాండ్లను ఉపసంహరించారు. మీది తీసేశారో లేదో పోర్టల్‌లో చూసుకోండి. సందేహాలకు శాఖ ఉచిత ఫోన్ నంబరు 1800 103 0025.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. కమీషన్ ఇస్తే రిఫండు తెప్పిస్తామని, రాజకీయ పార్టీకి విరాళం ఇచ్చినట్టు, లేని బీమా కట్టినట్టు రిటర్నులో రాసేవాళ్లున్నారు. 2025 జులైలో ఇలాంటి బూటకపు తగ్గింపుల మీద శాఖ దేశవ్యాప్తంగా సోదాలు చేసింది. ఆదాయాన్ని తప్పుగా చూపినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా పడుతుంది. రిటర్ను నింపినవాడు కమీషన్ తీసుకుని పోతాడు. పాన్ మీది కాబట్టి జవాబు చెప్పాల్సింది మీరే.

పింఛనుదారుల సంఘాలకు, విశ్రాంత ఉద్యోగుల పిల్లలకు ఒక విన్నపం. జీవన ప్రమాణ పత్రం కోసం పెద్దవాళ్లను ట్రెజరీకో మీసేవకో తీసుకెళ్లిన రోజే ఇంకో అరగంట కేటాయించి వాళ్ల ఏఐఎస్ తెరిచి చూడండి. పింఛను, వడ్డీ, కౌలు కూడి కాగితం మీద రాసి ఇవ్వండి. బకాయి వచ్చిన ఏడాది ఫారం 10ఈ సంగతి గుర్తుచేయండి. ముప్పై ఏళ్లు పనిచేసి సంపాదించుకున్న పింఛను మీద న్యాయంగా పడే పన్ను కట్టడానికి మన పెద్దలు ఎన్నడూ వెనకాడలేదు. పడకూడని పన్ను వాళ్ల చేత కట్టించకుండా చూడటం మన బాధ్యత.